రెండు కుర్చీల డీఎస్పీ గారు

పటమటలో ఒక కమ్యూనిటీ హాలు, ఉదయం పదకొండు గంటలు. సంతాప సభలో ఉన్నవి, ఉన్నవాళ్లు: ప్లాస్టిక్ కుర్చీలు అరవై, వాటిలో కూర్చున్నవాళ్లు నలభై ఒకరు. వాళ్లలో రిటైరైన పోలీసు అధికారులు తొమ్మిది మంది. యూనిఫాం లేకపోయినా బూట్ల మెరుపు చూస్తే తెలిసిపోతుంది. సీలింగ్ ఫ్యాన్లు ఆరు, తిరుగుతున్నవి నాలుగు. వేదిక మీద ఒక బల్ల, బల్ల మీద డీఎస్పీ గారి ఫొటో, ఫొటోకి దండలు రెండు. ఒకటి ఆయన పనిచేసిన రోజుల్లోని ఎమ్మెల్యే గారు పంపింది. ఇంకొకటి ఆ ఎమ్మెల్యే గారి మీద ఓడిపోయిన ప్రతిపక్ష నాయకుడు పంపింది. ఎడమ దండ కుడి దండ కంటే జానెడు పొడుగుంది.

డీఎస్పీ గారి భార్య ముందు వరసలో కూర్చుని కాసేపు ఆ దండల వంకే చూశారు. తర్వాత లేచి వెళ్లి, పొడుగు దండ ముడి విప్పి, రెండోదానితో సమానంగా పైకి కట్టి, వచ్చి కూర్చున్నారు.

"ఆయనుంటే ఊరుకునేవారు కాదండీ," అన్నారు పక్కావిడతో.

నిజమే. ఊరుకునేవారు కాదు.

ఆయన దగ్గర నేను పనిచేసింది పదకొండు నెలలు. నేను పోలీసుని కాను. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేసి, ఒక ఏజెన్సీ తరఫున సీసీ కెమెరాలు చూసుకునేవాణ్ణి. ఉయ్యూరు దాటి, చెరకు తోటల మధ్య నుంచి కొంత దూరం వెళ్తే వచ్చే చిన్న పట్నం. పేరు అవసరం లేదు. ఊళ్లో కెమెరాలు నలభై ఆరు. వాటి రికార్డింగంతా వచ్చి చేరే సర్వరు డీఎస్పీ ఆఫీసులో ఒక చిన్న గదిలో ఉండేది. సర్వరుకి చల్లదనం కావాలి. ఆఫీసు మొత్తానికి ఉన్న ఏసీ ఒకటే, అది డీఎస్పీ గారి గదిలో. అందుకని రెండు గదుల మధ్య తలుపు ఎప్పుడూ తీసే ఉంచేవాళ్లం. చల్లగాలితో పాటు మాటలు కూడా నా వైపుకి వచ్చేవి.

"ఏవయ్యా ఇంజనీరూ, విన్నావా?" అని అడిగేవారు, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక.

"లేదు సార్."

"మంచిది. ఏం వినలేదో గుర్తుపెట్టుకో. ఎప్పుడైనా అడుగుతా."

ఆయన బల్లకి ఎదురుగా రెండు కుర్చీలు ఉండేవి. బల్ల అంచు నుంచి రెండూ సరిగ్గా మూడడుగుల దూరం. ఊడ్చేటప్పుడు జరిగిపోతున్నాయని, కాళ్లు ఎక్కడుండాలో నేల మీద తెల్ల పెయింటుతో ఎనిమిది చుక్కలు పెట్టించారు. ఎడమ కుర్చీ అధికార పక్షానిదని, కుడి కుర్చీ ప్రతిపక్షానిదని ఎక్కడా రాసి లేదు కానీ, ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఒకరోజు ప్రతిపక్ష నాయకుడు వచ్చి కూర్చుని, ఒకసారి కదిలి, ముఖం గంభీరంగా పెట్టాడు.

"ఏంటండీ ఇది? మా కుర్చీ కిర్రుమంటంది. మేం ఓడిపోయామనేగా మాకు కిర్రు కుర్చీ వేశారు?"

డీఎస్పీ గారు లేచి వచ్చి ఆ కుర్చీని తనే కదిపి చూశారు. ఆ మధ్యాహ్నమే వడ్రంగిని పిలిపించారు. అతను మేకు కొట్టాడు, చెక్క ముక్క దూర్చాడు, కొబ్బరి నూనె పోశాడు. కిర్రు పోలేదు. మూడో రోజు ఆయన చేసిన పని ఏమిటంటే, ఎడమ కుర్చీ స్క్రూలు కూడా వదులు చేయించారు. రెండింటి మీదా తనే మార్చి మార్చి కూర్చుని, చెవి ఒగ్గి విన్నారు.

"సరిపోయింది. ఇంకెవరూ అడగరు," అన్నారు.

టీ విషయంలోనూ అంతే. ఫ్లాస్కులోంచి ముందు పోసిన కప్పులో పలుచన, చివర పోసిన కప్పులో చిక్కన పడుతుందని ఆయన సిద్ధాంతం. అందుకని రెండు కప్పులకీ తనే సగం సగం పోసి, మళ్లీ వెనక్కి వచ్చి మిగతా సగాలు నింపేవారు. అది చూడటానికే కొందరు వచ్చేవాళ్లని నా అనుమానం.

ఫోను వచ్చినప్పుడు మాత్రం కొంచెం తేడా ఉండేది. ఎమ్మెల్యే గారి ఫోనైతే పూర్తిగా లేచి నిలబడి మాట్లాడేవారు. ప్రతిపక్ష నాయకుడి ఫోనైతే బల్ల మీద చేతులు ఆన్చి సగం లేచేవారు. సగం లేచి పది నిమిషాలు మాట్లాడటం మోకాళ్లకి ఎంత కష్టమో ఇంట్లో ప్రయత్నించి చూశాను. నా వల్ల నాలుగు నిమిషాలైంది.

"పోలీసంటే త్రాసు ముల్లయ్యా," అనేవారు. "ముల్లు ఊగొచ్చు. ఒరగకూడదు." ఇంకో మాట కూడా అనేవారు, కాస్త గొంతు తగ్గించి: "న్యాయం చెయ్యడం ఒక్కోసారి మన చేతిలో ఉండదు. చేసినట్టు కనబడటం మాత్రం ఎప్పుడూ మన చేతిలోనే ఉంటది."

ఎవరేం అడిగినా ఆయన జవాబు "చూద్దాం". అందులో మూడు రకాలున్నాయని నేను రెండో నెలలో కనిపెట్టాను. పొట్టిగా "చూద్దాం" అంటే పని అవుతుంది. "చూద్దామండీ" అని మర్యాద చేరిస్తే కాదు. "చూ…ద్దాం" అని కిటికీ వంక చూస్తూ సాగదీస్తే, ఆ ఫైలు జిల్లా ఎస్పీ గారి బల్ల మీదకి వెళ్తుంది. "కుదరదు" అనే మాట మాత్రం ఆయన నోట నేను వినలేదు. అలాంటి మాట ఒకటి తెలుగులో ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదేమో అనుకునేవాణ్ణి.

ఒకసారి ఎమ్మెల్యే గారి అన్న కూతురి పెళ్లి, ప్రతిపక్ష నాయకుడి కొడుకు పెళ్లి ఒకే ముహూర్తానికి పడ్డాయి. ఒకటి ఊరికి తూర్పున, ఒకటి పడమర. రెండు చోట్లా నేను కెమెరాలు బిగించాలి కాబట్టి జీపులో నన్నూ ఎక్కించుకున్నారు. ఒక పెళ్లిలో పులిహోర నుంచి సాంబారు దాకా తిని, ఆకు ముందు నుంచి లేచిపోయారు. రెండో పెళ్లికి వెళ్లి, పెరుగన్నంతో మొదలుపెట్టి, కిళ్లీతో ముగించారు. రెండు పెళ్లిళ్లవాళ్లూ "మా ఇంట భోంచేశారు" అని చెప్పుకున్నారు. అబద్ధం కాదు.

ఆ పెళ్లిళ్ల కానుకల కోసం కొండపల్లి వెళ్లిన రోజు ఇంకా బాగుంటుంది. అంబారీ ఏనుగులు రెండు కావాలన్నారు, అచ్చంగా ఒకేలాంటివి. బొమ్మలు చేసే పెద్దాయన రెండు తెచ్చి ముందు పెట్టాడు. డీఎస్పీ గారు జేబులోంచి టేపు తీశారు.

"దీని తొండం దానికన్నా అర అంగుళం పైకుందేంటి?"

"చేత్తో చేసేదండీ. రెండూ ఒకేలా రావండీ," అన్నాడు పెద్దాయన.

"రావాలయ్యా. లేపోతే తొండం ఎత్తిందాన్ని ఆళ్లకిచ్చి, దించిందాన్ని మాకిచ్చారంటారు."

"మీ కింద ఇద్దరు ఎస్సైలున్నారంటగా బాబూ, ఆళ్లిద్దరూ ఒకేలా ఉంటారా?"

డీఎస్పీ గారు ఆలోచించారు. ఆ ఇద్దరు ఎస్సైలూ నాకు తెలుసు. ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకుని, ఏనుగులు మానేసి, రెండు గోడ గడియారాలు కొన్నారు. ఫ్యాక్టరీవి.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. అసలు సంగతి ఆయన "జత" పద్ధతి.

ఎవరైనా అధికార పక్షం మనిషి మీద ఫిర్యాదు ఇస్తే, కేసు పెట్టేవారు. పెట్టిన మర్నాటిలోగా అవతలివాళ్ల చేత కూడా ఒక ఫిర్యాదు రాయించుకుని, ముందు ఫిర్యాదు చేసినవాడి మీదా కేసు పెట్టించేవారు. దాన్ని పోలీసులు కౌంటరు కేసు అంటారు. ఈయన "జత" అనేవారు. ప్రతిపక్షం మనిషి మీద ఫిర్యాదు వచ్చినా అదే పద్ధతి. ఎస్సైకి ఫోన్ చేసి, "జత కుదిరిందా?" అని అడిగేవారు, పెళ్లి సంబంధం గురించి అడిగినట్టు. ఒకాయన్ని ఒక నాయకుడి కుక్క కరిచింది. కుక్క యజమాని మీద ఒక కేసు, కుక్కని రెచ్చగొట్టినందుకు కరిపించుకున్నాయన మీద ఒక కేసు. వరస నంబర్లు. నా లెక్కలో మొదటి పది నెలల్లో ముప్పై నాలుగు జతలు.

మొదట్లో నాకది మంచి ఇంజనీరింగులాగే కనబడింది. కరెంటు లోడు ఫేజులన్నింటి మీదా సమానంగా పంచితే ఫ్యూజు పోదు. ఈయన ఉద్యోగం కూడా అందుకే పోవడం లేదనుకున్నాను. పై నుంచి ఎవరు అడిగినా జతల పట్టిక చూపించేవారు. ఆ పట్టిక కంప్యూటర్లో చేసింది నేనే. ఎడమ కాలమ్ మొత్తం, కుడి కాలమ్ మొత్తం, తేడా సున్నా. మనుషులకి ఏమైందో చెప్పే కాలమ్ అందులో లేదు. పెట్టాలని నాకు తట్టలేదు.

పదకొండో నెలలో ఎమ్మెల్యే గారి పుట్టినరోజు వచ్చింది. రెండు రోజుల ముందే ఊరంతా ఫ్లెక్సులు లేచాయి. బజారు వీధిలో వెంకటేశ్వర్లు గారని ఒక నేత కుటుంబం పెద్దాయన ఉన్నారు. ఇంటి లోపల రెండు మగ్గాలు, ముందు గదిలో చీరల కొట్టు. ఆ కొట్టు గుమ్మానికి అడ్డంగా, రెండు స్తంభాల మధ్య, ఇరవై అడుగుల ఫ్లెక్సు కట్టారు. మధ్యలో దణ్ణం పెడుతూ ఎమ్మెల్యే గారు. కింది వరసలో పాస్‌పోర్టు సైజులో అభిమానులు. కట్టించినతను ఆ పార్టీ పట్టణ యువజన నాయకుడు. తన ఫొటో కింద "యువకెరటం" అని వేయించుకున్నాడు. ఊళ్లో అందరూ అతన్ని అదే పేరుతో పిలిచేవాళ్లు, కొందరు ముందు నుంచి, కొందరు వెనక నుంచి.

కొట్టులోకి రావాలంటే ఎమ్మెల్యే గారి మోచేతి కింద నుంచి వంగి రావాలి. రెండు రోజులు బేరాల్లేవు. మూడో రోజు, అంటే పుట్టినరోజు పొద్దున, వెంకటేశ్వర్లు గారి అమ్మాయి శ్రావణి స్టూలు వేసుకుని ఆ ఫ్లెక్సు విప్పేసింది. గంట తర్వాత యువకెరటం ముగ్గుర్ని వెంటేసుకుని వచ్చి, పెద్దాయన్ని చెంప మీద కొట్టి, అదే స్టూలుతో కొట్టు షోకేసు అద్దం పగలగొట్టాడు. మధ్యాహ్నానికి అతని మీద కేసు నమోదైంది.

సాయంత్రానికి ఎమ్మెల్యే గారు ఫోన్ చేశారు. డీఎస్పీ గారు లేచి నిలబడ్డారు.

"అలాగేనండీ… జత ఎలాగూ పెడతామండీ… ఏమని రాస్తారండీ?… ఫ్లెక్సు కత్తెరతో ముక్కలుగా కోసిందా?… కుర్రాళ్ల మీదకి కత్తెరతో వచ్చిందా?… సరేనండీ. ఆ ముక్కలు రేపు పొద్దున పట్టుకురమ్మనండి. వస్తువు లేకుండా కేసు బాగోదు."

ఆయన ఫోను పెట్టిన అరగంటకి శ్రావణి వచ్చింది. ఇరవై మూడేళ్లుంటాయి. నేను నా గదిలో ఉన్నాను, తలుపు తీసే ఉంది.

"సార్, నా మీద కౌంటరు కేసు పెడుతున్నారంట కదా. నిజమేనా సార్?"

"నీ మీద కోపమేం లేదమ్మా. పద్ధతి. ఒక్క పక్కే కేసుంటే పక్షపాతమంటారు."

"నాకు టీచరు పోస్టొచ్చింది సార్. ఇంకో వారం పది రోజుల్లో పోలీసు వెరిఫికేషన్ కాగితం మీ ఆఫీసుకే వస్తది. అందులో కేసుందని రాస్తే ఉద్యోగం వెళ్లిపోద్ది. మూడేళ్లు చదివాను సార్, మగ్గం చప్పుడులో."

"కోర్టులో కొట్టేస్తారమ్మా ఈ కేసు. నిలబడదు."

"ఎప్పుడు కొట్టేస్తారు సార్?"

ఆయన కిటికీ వంక చూశారు. మూడో రకం "చూద్దాం" వస్తుందనుకున్నాను. రాలేదు.

"నేను కత్తెర ముట్టుకోలేదు సార్," అంది శ్రావణి. "నేతోళ్లం. గుడ్డ కనబడితే మడతేస్తాం గానీ, ఊరికే కొయ్యం."

"నిజమే కావచ్చమ్మా. కానీ నేను రెండు పక్కలా సమానంగా ఉండాలి కదా."

"మా నాన్నని కొట్టింది ఒక చెంప మీదే సార్. రెండో చెంప మీద మీరు కొట్టించండి, సమానమైపోద్ది."

తను వెళ్లిపోయింది. ఆయన చాలాసేపు కప్పులు సర్దారు. రెండే కప్పులు. వాటిని ఎన్ని రకాలుగా సర్దవచ్చో ఆ రోజు చూశాను. తర్వాత నా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఇంజనీరూ, విన్నావా?"

"లేదు సార్."

"ఈసారి వినాల్సింది," అన్నారు. "ఆ వీధి కెమెరా తియ్యి."

తీశాను. తొమ్మిది గంటల నలభై రెండు నిమిషాలు. శ్రావణి స్టూలెక్కి, ఫ్లెక్సు తాళ్లు ఒక్కొక్కటే గోళ్లతో విప్పింది. నాలుగు ముళ్లకి ఆరు నిమిషాలు పట్టింది. తర్వాత తండ్రిని పిలిచింది. చెరో కొస పట్టుకుని, దులిపి, ఎదురెదురుగా నడిచి, కొసలు కలిపి, మళ్లీ వెనక్కి వెళ్లి, మళ్లీ నడిచి… ఇద్దరూ కలిసి ఆ ఫ్లెక్సుని పట్టుచీర మడతేసినట్టు మడతేశారు. శ్రావణి దాన్ని కొట్టు కవర్లో పెట్టి స్తంభానికి తగిలించింది. డీఎస్పీ గారు ఆ మడతేసే ముక్క మూడుసార్లు వేయించుకుని చూశారు. కొట్టిన ముక్క ఒక్కసారే.

మర్నాడు పదకొండు గంటలకి ఎమ్మెల్యే గారు స్వయంగా వచ్చారు. వెనకాల యువకెరటం, చేతిలో ఫ్లెక్సు ముక్కల మూట. ఎమ్మెల్యే గారు ఎడమ కుర్చీలో కూర్చున్నారు. అది కిర్రుమంది. డీఎస్పీ గారు గుమ్మం వైపు చూసి, "రండి వెంకటేశ్వర్లు గారూ. ఆ కుర్చీలో కూర్చోండి," అన్నారు.

పెద్దాయన ఎడమ చెంప ఉబ్బి ఉంది. బెరుగ్గా వచ్చి కుడి కుర్చీ అంచున కూర్చున్నారు. అదీ కిర్రుమంది.

"ఏంటండీ ఇది?" అన్నారు ఎమ్మెల్యే గారు. "ఆ కుర్చీలో ఈయనేంటి?"

"ఖాళీగా ఉంటే బాగోదు కదండీ," అని, డీఎస్పీ గారు సగం సగం టీ పోయడం మొదలుపెట్టారు. ఇద్దరికీ.

నేను గోడ మీద టీవీలో రికార్డింగు వేశాను. మడతేసే ముక్క వచ్చినప్పుడు ఎమ్మెల్యే గారు కళ్లజోడు సవరించుకున్నారు.

"చక్కగా మడతేసింది కదయ్యా. మా ఇంట్లో ఒక్కళ్లకీ ఇట్టా రాదు."

"ఆ తర్వాత కోసిందండీ," అన్నాడు యువకెరటం. "కెమెరాలో పడకుండా, లోపలికి తీసుకెళ్లి."

"కోసిన ఫ్లెక్సు ఇదేనా?" అడిగారు డీఎస్పీ గారు.

"ఇదేనండీ."

"ఇదేనని రాసి సంతకం పెట్టు."

పెట్టాడు. పెద్ద సంతకం. డీఎస్పీ గారు ముక్కల్ని నేల మీద కలిపి పరిపించారు. స్వాధీనం చేసుకున్న వస్తువుని పంచనామాలో వివరంగా రాయాలి, ఎంత పొడుగు, ఏ రంగు, ఎవరెవరి బొమ్మలున్నాయి. అది రూలు. నన్ను పిలిచి కింది వరసలోని ఫొటోలు లెక్కపెట్టమన్నారు. పదిహేను.

"కెమెరాలో కూడా లెక్కపెట్టు. రెండూ సమానంగా ఉండాలి కదా."

బొమ్మ ఆపి, పెద్దది చేసి, లెక్కపెట్టాను. పద్నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను. పద్నాలుగే.

 ఎమ్మెల్యే గారు లేచి, నేల మీదకి వంగి, వేలితో తనే లెక్కపెట్టుకున్నారు.

"ఈ చివరున్నదెవడ్రా?"

"మన వార్డు కౌన్సిలరండీ. ఫ్లెక్సులో తన ఫొటో లేదని నిన్న మీ కేకు కోసేటప్పుడు అలిగాడండీ. అందుకని సాయంత్రం కలిపించానండీ," అన్నాడు యువకెరటం. చెప్పేశాక ఆగిపోయాడు.

"పొద్దున విప్పిన ఫ్లెక్సులోకి సాయంత్రం ఎట్టా ఎక్కాడ్రా?"

అతను నేల వంక చూశాడు. నేల మీద అతనే నవ్వుతున్నాడు, సగానికి చిరిగి.

"మళ్లీ ప్రింటు కొట్టించావు. కొట్టించి, కోశావు. మరి పాతదాన్నే కొయ్యకపోయావా?"

"అది ఆ స్తంభం నుంచి మేమే పట్టుకెళ్లామండీ, ఇప్పుడు లేదండీ. నిన్న వానొచ్చింది కదండీ…"

"వానొస్తే?"

"గేదెల పాక కారతంటే కప్పామండీ. మీరు తిరగబడి ఉన్నారండీ, బొమ్మ లోపలికి పెట్టి కప్పాం. తడవరండీ."

"పుట్టినరోజు నాడు నన్ను గేదెలకి చూపించావట్రా!"

వెంకటేశ్వర్లు గారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చెంప నొప్పి వల్లో, మరెందుకో. డీఎస్పీ గారు మాత్రం నవ్వలేదు.

ఎమ్మెల్యే గారు తెలివైన మనిషి. కుర్చీలో కూర్చుని టీ తాగేలోపు తేరుకున్నారు.

"సరే. ఈ కౌంటరు వద్దు, వదిలేద్దాం. కానీ డీఎస్పీ గారూ, మీరు రెండు పక్కలా సమానం అంటారు కదా. ఇటు కేసు లేనప్పుడు అటు కూడా ఉండకూడదు. మావాడి మీదున్న కేసు కూడా మూసెయ్యండి. ఇటు సున్నా, అటు సున్నా. మీ పద్ధతే."

ఆయన పద్ధతే. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ముప్పై నాలుగు జతలతో ఆయన నేర్పిన లెక్కనే ఎమ్మెల్యే గారు తిరిగి అప్పజెప్పారు. నేను పొట్టి "చూద్దాం" కోసం ఎదురుచూశాను.

"కుదరదండీ," అన్నారు డీఎస్పీ గారు.

అని, ఆ మాట ఎవరన్నారా అన్నట్టు పక్కకి చూశారు. పక్కన నేనున్నాను. నేను కాదని తల ఊపాను.

"ఏంటీ?" అన్నారు ఎమ్మెల్యే గారు.

"దెబ్బ ఒక పక్కే పడిందండీ. ఇంకాస్త టీ పొయ్యమంటారా?"

ఎమ్మెల్యే గారు టీ వద్దన్నారు. వెళ్తూ వెళ్తూ, "ఈ ఊరి నీళ్లు మీకు పడటం లేదనుకుంటా," అన్నారు. మా వైపు ఆ మాటకి అర్థం ఒకటే.

బదిలీ ఉత్తర్వు ఎనిమిదో రోజున వచ్చింది. ఎక్కడో శిక్షణ కేంద్రంలో పోస్టు. పోలీసు భాషలో లూప్‌లైను, అంటే అధికారం లేని మూల. మర్నాడు మధ్యాహ్నంలోగా చార్జి అప్పగించాలి. ఆయన నా కంప్యూటరు దగ్గర కూర్చుని, జతల పట్టిక తెరవమని, మొదటి వరస నుంచి చివరి వరస దాకా పేర్లు చదివారు. 

"ఇందులో ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకున్నోళ్లు ఎంతమందయ్యా?"

"ఆ కాలమ్ లేదు సార్."

"నేను పెట్టించలేదు కదూ," అన్నారు.

శ్రావణి వెరిఫికేషన్ కాగితం ఆ చివరి రోజు పొద్దున్నే వచ్చింది. అలాంటి కాగితాలు మామూలుగా పది రోజులు పడుంటాయి. ఆయన దాన్ని వెంటనే తెప్పించుకున్నారు. ఎవరు చెప్పారో గానీ, పావుగంటలో ఎమ్మెల్యే గారి ఫోను. డీఎస్పీ గారు పూర్తిగా లేచి నిలబడ్డారు. నిలబడి, ఎప్పటిలాగే ఎడమ చేత్తో చొక్కా గుండీ సరిచేసుకున్నారు.

"చెప్పండి సార్… అవునండీ, వచ్చిందండీ… కొత్తాయన వచ్చేదాకా ఆపమంటారా?… కుదరదండీ… లేదండీ, చాలా గౌరవమండీ మీరంటే… నిలబడే మాట్లాడుతున్నానండీ… కుదరదండీ."

రెండోసారి మొదటిసారంత కష్టపడలేదు.

"ఇంజనీరూ, ఆ అమ్మాయి పేరు సిస్టంలో ఎక్కడైనా ఉందేమో చూడు."

పేరుతో ఒకసారి, ఆధార్ నంబరుతో ఒకసారి, ఇంటి చిరునామాతో ఒకసారి వెతికాను. వచ్చింది చెప్పాను. ఆ కాగితంలో చివరి గడి ఎస్సై రాయాల్సింది. ఆయనే కళ్లజోడు పెట్టుకుని, కాగితం దగ్గరికి లాక్కుని, నల్ల ఇంకు పెన్నుతో నింపి, కింద సంతకం పెట్టి, తారీఖు వేసి, తపాలా పెట్టెలో వేసేముందు ఒకసారి చూడమని నాకిచ్చారు.

అభ్యర్థిపై నమోదైన కేసుల సంఖ్య: 0.